పిళ్ళప్ప మామా, నాలుగు స్పాంజి ముక్కలూ

మా పిళ్ళప్ప మామ ఏ వస్తువునైనా కాల్చి చూడకుండా కొనడు.

కొందరు గిల్లి చూస్తారు, కొందరు గోటితో గీకి చూస్తారు, కొందరు వాసన చూసి మొహం చిట్లిస్తారు. మా మామ అగ్గిపుల్ల గీస్తాడు. తువ్వాలైనా, దుప్పటైనా, ప్లాస్టిక్ కుర్చీ అయినా ముందు ఒక మూల కాలాలి. బేరం ఆ తర్వాత. చింతామణి బజారులో ఆయన వస్తుంటే బట్టల కొట్లవాళ్ళు మంచి సరుకంతా లోపలికి పంపేసి, కాలినా బాధ లేనిదాన్ని ముందు పరిచేవారు. ఆయన ఇంట్లో కుర్చీ తిరగేసి చూడండి, కింద ఒక నల్లమచ్చ ఉంటుంది. అది కంపెనీ ముద్ర కాదు, మామ ముద్ర.

బీడీ కూడా తాగడు. అయినా చొక్కా జేబులో ఎప్పుడూ రెండు అగ్గిపెట్టెలు. ఒకటి వాడకానికి, ఇంకోటి మొదటిది తడిస్తే.

"అప్పా, రొంత అగ్గిపెట్టె ఇయ్యప్పా" అని బస్టాండులో ఎవరైనా బీడీ నోట్లో పెట్టుకుని వస్తే ఇవ్వడు.

"ఇది పని సామాను. బీడీకి ఇచ్చేది కాదు."

ఈ అలవాటు పట్టు దగ్గర పుట్టింది. మా వైపు శిడ్లఘట్టలో, జంగమకోటెలో, చింతామణిలో పట్టుతో బతికేవాళ్ళందరికీ తెలిసిన పరీక్ష ఇది. పోగు కొస తీసి మంటకు పెడితే అసలు పట్టు నింపాదిగా కాలుతుంది. మంట తీసేస్తే తానే ఆరిపోతుంది. కాలిన జుట్టు వాసన వేస్తుంది. మిగిలిన బూడిద వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. కల్తీ పోగైతే కరిగి, బొట్టు కట్టి, ఆ బొట్టు రాయిలా గట్టిపడుతుంది. అందరూ ఈ పరీక్షను పోగు దగ్గర మొదలుపెట్టి పోగు దగ్గరే ఆపేశారు. మామ ఆపలేదు.

తన పెళ్ళిలో కూడా ఆపలేదట. ముహూర్తానికి ముందు కెంపమ్మ అత్త చీర కొంగులోంచి ఒక పోగు లాగి, పురోహితుడి ఎదుటే అంటించాడట. జుట్టు వాసన వచ్చేదాకా తాళి ముట్టుకోలేదట.

"అగ్నిసాక్షి అంటే ఇదేనేమో అనుకుంటి" అంటుంది అత్త. "ఆ పోగు కల్తీదైంటే నేను ఈ పొద్దుకీ మా నాయన ఇంట్లోనే ఉందును. హాయిగా."

ఒకసారి గొడుగు కొనడానికి నన్ను వెంట తీసుకెళ్ళాడు. కొట్టువాడు గొడుగు విప్పాడు, మామ పుల్ల గీశాడు, నేను సిగ్గుపడ్డాను.

"వానలో వాడేదానికి మంటెందుకు మామా?"

"వాన ఏడాదికి నూరుసార్లు వస్తాది రా నాగేశా. నిప్పు ఒగసారే వస్తాది. యా దానికి తయారుగా ఉండాల?"

కొట్టువాడు సగం కాలిన గొడుగును సగం ధరకు ఇస్తానన్నాడు. మామ అక్కర్లేదన్నాడు. కాలిందిగా మరి.

సోమేనహళ్ళిలో మా దూరపు బంధువుల పెళ్ళికి షామియానా వేశారు. మామ అన్నానికి కూర్చోకుండా గుంజ పక్కన నిలబడి, గుడ్డ అంచు రవ్వంత కత్తిరించి తూము దగ్గరికి తీసుకెళ్ళి కాల్చాడు. భగ్గుమంది. వచ్చి పెళ్ళికొడుకు తండ్రితో, "ఈ గుడ్డ కింద పొయ్యి పెట్టొద్దు" అన్నాడు. ఆయనకు కోపం వచ్చింది. పొయ్యిని మాత్రం యాభై అడుగుల దూరం జరిపించాడు. ఆ పెళ్ళిలో సాంబారు చల్లారిపోయి వచ్చిందని ఇప్పటికీ మామనే తిట్టుకుంటారు.

ఇదంతా మామ గురించి. ఇక స్పాంజి సంగతికి వస్తాను.

చిక్కబళ్ళాపురం కొత్తగా జిల్లా అయిన మరుసటి ఏడాది నాకు డిగ్రీ అయిపోయింది. బెంగళూరులోని ఒక ఫోమ్ కంపెనీ నన్ను జిల్లా మొత్తానికి ప్రతినిధిని చేసి, ఒక బ్యాగు, ఒక సెల్లు నంబరు ఉన్న కార్డులు ఇచ్చి పంపింది. మేము అమ్మేది పరుపుల ఫోమ్ కాదు. శబ్దాన్ని పీల్చుకునే ఫోమ్. జనరేటరు గదుల్లో, ఫ్యాక్టరీ గోడలకు, బస్సుల ఇంజన్ మూతల లోపల అంటించేది. మా జిల్లాలో దీన్ని అందరూ స్పాంజి అనే అన్నారు, నేను ఎంత చెప్పినా సరే.

మామకు చింతామణిలో ట్విస్టింగ్ షెడ్డు ఉంది. పట్టుపోగులకు పురి ఎక్కించే యంత్రాలు ఆరు. ఆరూ తిరుగుతుంటే లోపల మనిషి గొంతు పనికిరాదు. అక్కడ పనిచేసే పన్నెండు మంది ఆడవాళ్ళు చేతులతోనే మాట్లాడుకుంటారు, చేతులతోనే పోట్లాడుకుంటారు, చేతులతోనే నవ్వుకుంటారు. సాయంత్రం ఇంటికి వెళ్ళాక కూడా మొగుళ్ళతో వీధి చివరికి వినబడేలా మాట్లాడతారు. అందుకే ఆ వీధిలో ఏ ఇంట్లోనూ రహస్యాలు లేవు.

వాళ్ళలో ప్రేమ అనే అమ్మాయి తెగిన పోగు అతకడంలో అందరికంటే దిట్ట. ఆరు నెలల బిడ్డ ఉన్నాడు, రూపేష్. చంటిబిడ్డలున్న వాళ్ళు షెడ్డు దూలానికి చీర కట్టి ఉయ్యాల వేయడం మామూలే. ప్రేమ కూడా అలాగే వేసింది. ఒకరోజు ఆమె అత్త పుట్టమ్మ క్యారియర్ ఇవ్వడానికి షెడ్డులోకి వచ్చి, రెండు చెవులూ మూసుకుని బయటికి పరుగెత్తి, తీర్పు చెప్పేసింది.

"ఈ మోతలో నా మనవడు చెవిటోడైపోతాడు. బిడ్డకు వేరే జాగా చూపించు, లేకుంటే పని మాను."

పని మానితే ప్రేమకు ఎండలో టమోటా తోటల కూలి తప్ప వేరే దారి లేదు. అది ఆమెకూ తెలుసు, మామకూ తెలుసు. మామ ఆ వారమే షెడ్డు మూల ఒక చిన్న గది కట్టించాడు, పది అడుగులకు ఎనిమిది. ఉయ్యాలలు అందులో ఉండాలని. కానీ ఇటుక గోడ ఒక్కటీ సరిపోలేదు. తలుపు సందుల్లోంచి, రేకుల పైనుంచి మోత లోపలికి వచ్చి, నాలుగు గోడల మధ్య గిరగిరా తిరుగుతూ అక్కడే కాపురం పెట్టింది. ఆ గదికి లోపల మా ఫోమ్ అంటించాలి. ఉగాది దాకా బిడ్డను మామ ఇంట్లో కెంపమ్మ అత్త చూసుకునేలా ఒప్పందం. ఉగాది తర్వాత అత్త తన కూతురు శశికళ కాన్పుకు బాగేపల్లి వెళ్ళాలి. అప్పటికి గది కాకపోతే ప్రేమ పని మానాలి. పుట్టమ్మ తేదీతో సహా చెప్పింది.

ఉగాదికి అయిదు వారాలుంది. నాకు అది మొదటి ఆర్డరు. ఒక్క రోజు పని అనుకున్నాను.

మొదటి ముక్క కోడిగుడ్ల అట్టలా ఎగుడుదిగుడుగా, చూడముచ్చటగా ఉండేది. షెడ్డు వెనక బట్టలుతికే బండ మీద పెట్టి, పక్కన బకెట్టు నీళ్ళు పెట్టుకుని, మామ పుల్ల గీశాడు. షెడ్డులో ఆడవాళ్ళందరికీ పెద్దయిన లక్ష్మీదేవమ్మ సాక్షి. నేను అయిదు లెక్కపెట్టేలోపల ముక్క లేదు. మామ మీసంలో ఎడమవైపు కొంత కూడా లేదు.

"ఇది స్పాంజి కాదు రా. కిరసనాయిలు తాగిన గుడ్డ."

"మామా, ఇది అందరూ వాడతాండారు."

"అందరి మీసాలూ చూసొస్తివా?"

రెండో ముక్కతో పాటు సర్టిఫికేట్ తీసుకొచ్చాను. మంటను తట్టుకుంటుందని ఇంగ్లీషులో, ముద్రతో, సంతకంతో రాసి ఉంది. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఒక మూల అంటించాడు.

"మామా, అది కాగితం."

"తెలుసు. కాలుతాండాది చూడు."

ముక్క వంతు వచ్చింది. మంట తీశాక నిజంగానే ఆరింది, కానీ ఆరేలోపల మండుతున్న చుక్కలు నాలుగు టపటపా కిందికి రాలాయి. మామ ఆ చుక్కల్ని చెప్పుతో నలిపి, చల్లారాక వేలితో నొక్కి చూశాడు. రాళ్ళలా ఉన్నాయి.

"కల్తీ" అన్నాడు. "జుట్టు వాసన కూడా రాలేదు."

"మామా, స్పాంజికి జుట్టు వాసన ఎట్లా వస్తాది?"

"అసలుదైతే వస్తాది."

ఇక్కడ పాఠకులకు ఒక మాట చెప్పాలి. మామకు స్పాంజి పట్టు కాదని తెలియక కాదు. లోకంలో నిజాయితీ గల వస్తువు ఏదైనా మంటలో జుట్టు వాసనే వేయాలని ఆయన నమ్మకం. దీని మీద మా ఇద్దరికీ వారం రోజులు వాదన జరిగింది. నేను కెమిస్ట్రీ చెప్పాను. ఆయన విన్నాడు. విని, నా బ్యాగు పట్టీ కొంచెం అంటించి చూశాడు.

మూడో ముక్క బెంగళూరు నుంచి ప్రత్యేకంగా తెప్పించాను. మంట తీయగానే ఆరింది, చుక్క రాలలేదు. నేను ఆర్డరు పుస్తకం తీశాను. మామ ఆగమన్నాడు. ముక్కకు యంత్రం నూనె పూశాడు, దాని మీద నేల మీది పట్టు నూగు అద్దాడు, మళ్ళీ అంటించాడు.

"అది న్యాయం కాదు మామా. నూనె నువ్వే పూసినావు."

"ఈ ఆడోళ్ళ చేతులకు నూనె లేకుండా ఉంటాదా? బిడ్డను ఎత్తుకునేటప్పుడు గోడకు తగలదా? మా షెడ్డులో ఏదీ ఉత్తగా ఉండదు నాయనా."

నూనె తాగిన స్పాంజి అరనిమిషం మండింది. తర్వాత వచ్చిన నల్లటి పొగకు ముగ్గురమూ దగ్గుతూ గోడ దాకా వెనక్కి నడిచాం.

"మంట ఆరింది" అన్నాడు మామ కళ్ళు తుడుచుకుంటూ. "దాంతో పాటు మనిషీ ఆరిపోతాడు."

అప్పటికి ఉగాదికి రెండు వారాలు. షెడ్డులో చేతులతో ఒక మాట తిరగడం మొదలైంది. లక్ష్మీదేవమ్మ నాకు దాన్ని నోటితో చెప్పింది.

"మీ మామకు కొనే ఇష్టం లేదప్పా. అందుకే అంటిస్తాండాడు. ఆ పిల్ల పని పోతాది చూడు."

"అట్లా కాదమ్మా, ఆయన ఇంతవరకూ ధర అడగలేదు."

"కొనేవాడు ధర అడుగుతాడు. కొననోడికి ధరెందుకు?"

నేను ఆ రాత్రి బస్సుకే బెంగళూరు వెళ్ళాను.

నాలుగో ముక్క నేను కంపెనీ వాళ్ళతో పోట్లాడి సాధించాను. మెలమైన్ అనే పదార్థంతో చేసిన తెల్లటి ఫోమ్, పైన నూనె ఇంకకుండా పలుచటి పొర. మామ మంట పెట్టాడు. అంటిన చోట నల్లబడింది, అంతే. తీయగానే ఆరింది. చుక్క లేదు. పొగ అగరొత్తి కంటే తక్కువ. నూనె పూశాడు, నూగు అద్దాడు, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఆరింది. నల్లబడ్డ చోట వేళ్ళతో నలిపితే పొడి అయింది. అచ్చం పట్టు బూడిదలా.

లక్ష్మీదేవమ్మ లోపలికి చూసి రెండు చేతులూ పైకెత్తింది. షెడ్డులో పన్నెండు జతల చేతులు లేచాయి. ప్రేమ కళ్ళు తుడుచుకుంది.

మామ వంగి వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి నిలబడి ఎటో చూస్తూ అన్నాడు:

"చేపల వాసన వస్తాండాది. జుట్టు వాసన కాదు. కల్తీ."

చేతులు ఒక్కొక్కటే దిగాయి. నేను బ్యాగు సర్దుకుని, మామకు చెప్పకుండా బస్సెక్కాను.

ఉగాదికి ఆరు రోజులుందనగా బాగేపల్లిలో ఒక ప్రైవేటు బస్సు యజమానిని కలవడానికి వెళ్ళాను. ఆయన బస్సులో ఇంజన్ డ్రైవరు పక్కనే ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా కండక్టరు విజిలు డ్రైవరుకు వినబడటం లేదు, అద్దంలో ప్రయాణికుల మొహాలు చూసి బస్సు ఆపుతున్నాడు. ఇంజన్ మూతకు ఏ ఫోమ్ వేయాలో మాట్లాడి, దగ్గర్లోనే కదా అని శశికళ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది కెంపమ్మ అత్త.

"నువ్వు ఈడుండావేం అత్తా? ఉగాది అయినాక గదా రావల్సింది?"

"డాక్టరమ్మ శశికళను మంచం దిగొద్దన్నాది. నేనొచ్చి మూడు వారాలాయె."

"మరి బిడ్డను ఎవురు చూస్తాండారు?"

"ఇంకెవురు, మీ మామ."

ఊళ్ళో కనబడిన ప్రతిదానికీ నిప్పు పెట్టే మనిషి ఇంట్లో చంటిబిడ్డ.

"పుట్టమ్మకు తెలుసా?"

"తెలిస్తే ఆ పొద్దే ప్రేమను మానిపించేది. అందుకే ఎవురికీ చెప్పొద్దన్నాడు. నీకు కూడా."

"ఆయనకు ఉయ్యాల ఊపడం వస్తాదా?"

"నా ముగ్గురు బిడ్డల్లో ఒగరినీ ఎత్తుకోలేదు ఆ మనిషి. ఇప్పుడు ఫోన్ చేస్తే చాలు, బిడ్డ లేస్తాడు పెట్టు అంటాండాడు."

చింతామణిలో దిగేసరికి మధ్యాహ్నం మూడు. మామ ఇంటి తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల చాప మీద మామ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పొట్ట మీద రూపేష్ బోర్లా పడుకుని, మీసంలో మిగిలిన భాగాన్ని పిడికిలితో పట్టుకుని నిద్రపోతున్నాడు. మామ నన్ను చూసి కదలలేదు. కళ్ళతోనే కూర్చోమన్నాడు.

నాకు దాహమేసింది, ఆకలేసింది. వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి చల్లగా ఉంది. ఒక గిన్నెలో అరటిపళ్ళు, ఇంకోదాంట్లో బేకరీ బన్నులు. కాఫీ పెట్టుకుందామని అగ్గిపెట్టె కోసం వెతికాను. గూట్లో లేదు, దేవుడి దగ్గర లేదు, కొక్కేనికి వేలాడుతున్న చొక్కా జేబుల్లో లేదు.

"మామా, అగ్గిపెట్టె యాడుండాది?" అన్నాను గుసగుసగా.

"ఇంట్లో లేదు."

"లేకపోవడమేమిటి?"

"బిడ్డ ఉండే ఇంట్లో అగ్గిపెట్టె పెడతారా ఎవురైనా?" అన్నాడు, నాకు బుద్ధి లేనట్టు చూసి. "రెండూ షెడ్డులో పెట్టినా. నీ ముక్కలు కాల్చేదానికి ఆడికి వచ్చేటప్పుడు పక్కింటి అవ్వ వీడిని చూస్తాది."

"మరి మూడు వారాలుగా ఏం తింటాండావు?"

"అరటిపళ్ళు మంచివే. కాఫీకి రాత్రి షెడ్డు కాడ హోటలుకు పోతా, ప్రేమ వచ్చి వీడిని ఎత్తుకుపోయినాక."

నేను చాప పక్కన కూర్చున్నాను. ఇంతదాకా వచ్చాక అడగక తప్పలేదు.

"మామా, ఆ నాలుగో ముక్క. మంట ఆరిందా లేదా?"

"ఆరింది."

"చుక్క రాలిందా?"

"లేదు."

"పొగ?"

"యాడిది."

"మరి కల్తీ అని ఎట్లా అంటివి?"

మామ బిడ్డ వీపు మీద చెయ్యి పెట్టి, పైకప్పు పెంకులు లెక్కపెడుతున్నట్టు చూశాడు. చివరికి అన్నాడు:

"గది అయిపోతే వీడు ఆడ పడుకుంటాడు గదరా."

"అందుకే గదా గది."

"అవును. అందుకే."

"గది కాకుంటే ప్రేమ పని మానల్ల. అప్పుడు వీడు ఈడా ఉండడు, ఆడా ఉండడు."

మామ దీని గురించి ఆలోచించినట్టు లేదు. నాలుగు స్పాంజిలను నాలుగు రకాలుగా కాల్చిన మనిషికి ఈ లెక్క తట్టలేదు. బిడ్డ పిడికిట్లోంచి మీసం మెల్లిగా విడిపించుకుని, "వీడు లేచినాక ఆర్డరు రాస్తాం" అన్నాడు. రూపేష్ ఇంకో గంట నిద్రపోయాడు. నేను రెండు అరటిపళ్ళు తిన్నాను.

ఉగాదికి రెండు రోజుల ముందు గది తయారైంది. నాలుగు గోడలకూ, పైకప్పుకూ తెల్లటి ఫోమ్, తలుపు అంచుల చుట్టూ రబ్బరు పట్టీ. పుట్టమ్మ పరీక్షకు వచ్చింది. గోడ నొక్కి చూసింది, పైకి చూసింది, కిందికి చూసింది.

"దీన్ని కాల్చి చూసినారా?"

పన్నెండు మంది ఆడవాళ్ళూ ఒకేసారి తలలూపారు.

ప్రేమ బిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టింది. మేమంతా లోపలే నిలబడ్డాం. నేను తలుపు మూశాను. ఆరు యంత్రాల మోత ఎక్కడో దూరపు చెరువు మీద పడుతున్న వానలా తగ్గిపోయింది. నాకు గర్వంగా అనిపించింది.

రూపేష్ కళ్ళు తెరిచాడు. అటూ ఇటూ చూశాడు. ఏడు నెలల జీవితంలో మొదట ఆ మోతలోనూ, తర్వాత మా మామ గురకలోనూ నిద్రపోయినవాడు. నిశ్శబ్దం అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. నోరు తెరిచి ఏడుపు లంకించుకున్నాడు.

ప్రేమ ఊపింది, ఆగలేదు. పుట్టమ్మ పాడింది, పెంచాడు. మామ మూలనుంచి వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా తలుపు జానెడు తెరిచాడు. మోత కొంచెం లోపలికి వచ్చింది. రూపేష్ ఒకసారి వెక్కి, వేలు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఇంతకీ ఈ గది ఏమిటికి కట్టినట్టు?" అంది పుట్టమ్మ.

"ఒక్కసారిగా మూస్తే బిడ్డ బెదురుకుంటాడమ్మా" అన్నాడు మామ. "రోజుకు ఒగ వేలు మందం మూస్తా. మెల్లిగా అలవాటైపోతాది."

"రోజూ ఎవురు మూస్తారు?"

"నేనే ఈడ కూర్చుంటా."

పుట్టమ్మ ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసి, సరేనంది. ప్రేమ వెళ్ళి తెగిన పోగు అతుకుతూ కూర్చుంది. మామ ఉయ్యాల పక్కన స్టూలు వేసుకున్నాడు.

జానకు పన్నెండు వేళ్ళు. లెక్క ప్రకారం పన్నెండు రోజుల్లో తలుపు మూసుకోవాలి. నెల తర్వాత నేను వెళ్ళి చూస్తే ఇంకా అయిదు వేళ్ళ సందు ఉంది.

"ఇదేం లెక్క మామా?" అన్నాను.

"తొందరేముండాది రా" అన్నాడు, ఉయ్యాల ఊపుతూ.